నేరేడు రెట్ట

జ్యేష్ఠ బహుళ షష్ఠి

పొద్దున్నే నిచ్చెనెక్కి చూస్తే పక్కింటి మస్తానయ్య బాబాయి వాళ్ళ ఎండపలక మీద ఊదారంగు మరకలు. తడిగుడ్డతో అయితే చిటికెలో పోయేవి. కానీ పలకలకు నీళ్ళు వాడితే నీటి బోర్డు వాళ్ళు నా కొళాయి కట్టేస్తారు. పొడిగుడ్డతో రుద్ది, గోటితో గీకి, ఆయన లేచి బయటికి వచ్చేలోపు ఎలాగో పోగొట్టాను.

మా వీధిలో ఇళ్ళ మీదున్న, కరెంటిచ్చే ఎండపలకలన్నీ తుడిచే పని నాది. సాయంత్రం నీటి బోర్డుకి రెండు ముక్కలు రాసి పంపాలి. “పలకలు శుభ్రం. మరకలు లేవు.” అవి వాళ్ళకి. వాళ్ళకి చెప్పకూడనివి ఇక్కడ రాసుకుంటున్నాను, లేకపోతే కడుపు ఉబ్బి చచ్చేలా ఉన్నాను. తేదీలు మా అత్త లెక్కలోనే వేస్తున్నాను. ఆవిడున్న ఇంట్లో తిథులు తప్ప ఇంకేవీ నడవవు.

చెప్పకూడనిది ఏమిటంటే, మా పెరట్లో నేరేడు చెట్టుంది.

నేలలోకి వేరు దిగే చెట్టు ఏ ఇంట్లోనూ ఉండకూడదు. కింద ఉన్న నీళ్ళన్నీ తాగేస్తుందట. కుండీలో తులసి పెంచుకోవచ్చు, కరివేపాకు పెంచుకోవచ్చు, అంతే. ఈ చెట్టు మా మామ మాల్యాద్రి ఆ రూలు రాకముందు నాటింది. రూలు వచ్చినప్పుడు అందరూ గొడ్డళ్ళు తీస్తే ఆయన తాపీ తీశాడు. పెరటి గోడలు ఎత్తు లేపి, పైన గోనెపట్టాలు కుట్టి చెట్టును కప్పేశాడు. స్నానం చేసిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు పోసి సాకాడు. పోయినేడు ఆయన పోయాడు. ఇప్పుడు మేం పోస్తున్నాం.

వెనక వీధిలో ఒకళ్ళు వేపచెట్టు దాచుకుని దొరికిపోయారు. చెట్టు కొట్టేసి, ఏడాది పాటు వాళ్ళ కొళాయి కట్టేశారు. చుట్టుపక్కల వాళ్ళు మాత్రం ఎన్నాళ్ళని చెంబుతో పోస్తారు? ఆ సంసారం మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయింది. ఎక్కడికి పోయారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఈ ఏడు కాపు విరగ్గాసింది. ఆ వాసనకి ఎక్కడెక్కడి పిట్టలో పట్టాల సందుల్లోంచి దూరి వస్తున్నాయి. నా చిన్నప్పుడు చూశాను ఇన్ని పిట్టల్ని. పడమటి కొమ్మలో పిగిలిపిట్ట గూడు కూడా కట్టింది. సాయంత్రం పీట వేసుకుని కూర్చుంటే లేవబుద్ధి కాదు. కూర్చుంటే కుదురుగా ఉండనూ బుద్ధి కాదు. తిన్న పిట్ట ఊరుకోదు కదా, ఊరంతా తిరిగి ఊదారెట్ట వేసి వస్తుంది. చెట్టుకి పట్టాలు కప్పాం గానీ పిట్ట ముడ్డికి ఏం కప్పుతాం.

జ్యేష్ఠ బహుళ అష్టమి

ఇవాళ ఒక గోరింకను రాయి పెట్టి కొట్టాను.

అది పొద్దుటి నుంచీ గోడ మీద కూర్చుని నన్నే చూస్తోంది. మామూలు చూపు కాదు, పెళ్ళిచూపులకు వచ్చిన ఆడపడుచు చూసినట్టు పైనుంచి కిందకీ కిందనుంచి పైకీ. కన్నుపిట్టే అనుకున్నాను. బోర్డు వాళ్ళు పిట్టల్లాంటి మరలు చేసి ఊరి మీదికి వదులుతారు. ఈకలు, కూత, ఎగరడం అన్నీ పిట్టవే, కళ్ళూ చెవులూ మాత్రం బోర్డువి. ఆఫీసులో ఎవడో కుర్చీలో కూర్చుని, దాన్ని తిప్పుతూ, దాని కళ్ళతో మన పెరట్లోకి చూస్తుంటాడు. నిజం పిట్టలు కరువైన రోజుల్లో గొడవే లేదు. ఏది కనబడ్డా కన్నుపిట్టే, తలుపేసుకునేవాళ్ళం. ఇప్పుడు మా చెట్టు పుణ్యమా అని నిజంవీ వస్తున్నాయి. ఏది ఏదో తెలియక నా ప్రాణాలు తోడేస్తున్నాయి.

రాయి తగల్లేదు. గోరింక లేచి నా నెత్తి మీదుగా పోతూ పోతూ సరిగ్గా భుజం మీద వేసింది, చిక్కగా, ఊదాగా, నేరేడు తోలుతో సహా. కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది. మరకి కడుపెక్కడిది, రెట్ట ఎక్కడిది? ఇన్నాళ్ళూ నా బుర్రకి తట్టలేదు. ఊదారెట్ట వేస్తే పిట్ట. వేయకపోతే బోర్డు.

సాయంత్రం నా మొగుడు పెంచలయ్య ఫ్యాక్టరీ నుంచి రాగానే ఈ సంగతి చెప్పాను. సిమెంటు సంచులు కుట్టే ఫ్యాక్టరీ. పొద్దున పోతూ గుప్పెడు పళ్ళు నోట్లో వేసుకుని పోయాడు. నేరేడు తింటే నాలుక రోజంతా ఊదాగానే ఉంటుంది. పళ్ళు తిన్న రోజు ఇంట్లో వాళ్ళెవరూ బయట నోరు తెరవకూడదని మామ పెట్టిన నియమం.

“ఇయ్యాల అందరూ ఏమన్నారు నిన్ను?” అన్నాను.

“మేస్త్రీ పిలిచి, ఏంది పెంచలయ్యా, మూతి బిగించుకోనుండావు, ఇంట్లో గొడవా అన్నాడు. తలూపినా.”

“గొడవ నాతోనా?”

“ఇంకెవరితో ఉంటది?” అని నాలుక చాపి చూపించాడు. అత్త వంటింట్లోంచి చూసి, ఈ ఇంట్లో మగాళ్ళందరిదీ ఒకటే వాలకం అని నవ్వుకుంది.

జ్యేష్ఠ బహుళ ఏకాదశి

గూట్లో గుడ్లు పగిలి పిల్లలు వచ్చాయి. ఒళ్ళంతా నోరే. తల్లి పురుగు తెస్తే చాలు, ఆ నోళ్ళు తెరుచుకోవడం చూసి తీరాలి. నేను పీట మీద నుంచి లేవకుండా చూస్తున్నాను. అంతలో అత్త కేకేసింది.

“సుగుణా, బయటికి రా. మీ మామ వచ్చినాడు.”

ఈవిడకి ఎండదెబ్బ తగిలిందేమో అనుకుంటూ పోయాను. గోడ మీద కాకి.

కాకిని చూసి ఎన్నేళ్ళయిందో. ఎండలకి ముందు పోయినవి కాకులే. మామ పెద్దకర్మ నాడు అన్నం, గారెలు, పులుసు విస్తట్లో పెట్టి ఈ గోడ మీదే ఉంచాం. పక్షి ముడితేనే పోయినవాళ్ళకి అందినట్టు. పొద్దు వాలేదాకా నిలబడ్డాం. ఒక్క కాకీ రాలేదు. అన్నం ఎండి పెళుసెక్కింది. ఆ రోజు నుంచి అత్త ఏ పూట తినడానికి కూర్చున్నా మొదటి ముద్ద తీసి పక్కన పెట్టేస్తుంది. ఆయన ఏడాదిగా ఆకలితో తిరుగుతున్నాడని ఆవిడ నమ్మకం. నమ్మకం అనడానికి కూడా లేదు, ఆవిడకి అది తెలిసిన విషయమే.

“పంచమి నాడు సంవత్సరీకం అని గుర్తు పెట్టుకోని వచ్చాడు చూడు,” అంది కాకి వైపు చేతులు జోడించి. “బతికుండగా ఏ తిథీ గుర్తుండేది కాదు మారాజుకి.”

కాకి తల ఒక పక్కకు వంచి అత్తను చూసింది. తర్వాత నన్ను. తర్వాత పట్టాల వైపు.

జ్యేష్ఠ బహుళ త్రయోదశి

రెండు రోజులుగా పలకల మీద నా పని అరకొరగా సాగుతోంది. ఒక కన్ను గుడ్డ మీద, ఒక కన్ను మా గోడ మీద.

గోరింకలు కూర్చునే చోట గోడ ఊదాగా చారలు కట్టింది. కాకి కూర్చునే చోట అద్దంలా ఉంది. చుక్క లేదు. చెట్టు నిండా పండుంటే ఆ వైపు ముక్కు చాపదు. కాకి అన్నాక ఒంటిగా వస్తుందా? పదిమందిని పిలుచుకోకుండా మెతుకు ముట్టని జాతి. ఇదేమో ఒక్కతే వస్తుంది, అరిస్తే మూడు సార్లు అరుస్తుంది, ఎప్పుడూ మూడే.

పిగిలిపిట్ట తల్లి మాత్రం దాన్ని చూసి బెదరడం లేదు. నిజం కాకి గూడు పక్కన వాలితే తల్లి పిట్ట ప్రాణం పెట్టి పొడవదా? దీన్ని గోడలో ఇటుక కింద లెక్కేసింది. పిట్టకి తెలిసిపోయింది, నాకూ తెలిసిపోయింది. తెలియంది అత్తకే.

అది ఇంకా చెట్టును పూర్తిగా చూడలేదనుకుంటాను. పట్టా చివరన కొమ్మ కనబడీ కనబడనట్టు ఉంటుంది. కుండీ మొక్కో, చెట్టో తేలక తిరుగుతున్నట్టుంది. మధ్యాహ్నం ఇంట్లో ఉన్న పాత దుప్పట్లన్నీ తీసి ఆ మూల కుట్టాను. సూది రెండుసార్లు వేలిలో దిగింది.

జ్యేష్ఠ బహుళ అమావాస్య

పెంచలయ్యతో అన్నాను. “అది కన్నుపిట్ట. నువ్వే పోయి మీ అమ్మకి చెప్పు.”

“నేను చెప్పను.”

“రేపు బోర్డోళ్ళు వచ్చి కొళాయి కట్టేస్తే?”

“పంచమి దాకా ఆగు. ఆ రోజు అమ్మ తృప్తి కోసం పెడదాం. అది మర గదా, ముట్టదు. ముట్టకపోతే ఆవుకి పెడదాంలే.”

“ఆవు ఎక్కడుంది?”

చొక్కా విప్పి దులిపి మళ్ళీ తొడుక్కున్నాడు. ఏం చెయ్యాలో తోచనప్పుడు ఆయన అదే పని చేస్తాడు.

“అప్పుడు ముట్టలేదని ఏడాది కుమిలింది. ఇప్పుడు కళ్ళ ముందు కాకి పెట్టుకోని, అది కూడా ముట్టలేదంటే ఏమైపోద్దో ఆలోచించినావా?” అన్నాను.

“ఆలోచించకనే ఉండానా,” అన్నాడు.

ఆషాఢ శుద్ధ విదియ

ఇక నా వల్ల కాలేదు. పొద్దున కాకి వాలగానే పొడవాటి బూజుకర్ర తీసుకుని తరిమాను. అది లేచి మస్తానయ్య బాబాయి పలక మీద కూర్చుంది. అక్కడికీ పోయాను నిచ్చెనేసుకుని. మళ్ళీ మా గోడ మీద. కర్ర విసిరాను.

అత్త వచ్చి ఆ కర్ర చేతిలోకి తీసుకుంది. నన్ను కొడుతుందేమో అనుకున్నాను.

“ఆయన్ని గడపలోకి రానియ్యవా నువ్వు?”

“అత్తా, అది మర. రెట్ట గూడా వెయ్యదు, చూడు గోడ.”

“పోయినోళ్ళు రెట్టలేస్తారా?”

అత్త కర్ర తీసుకుపోయి మంచం కింద పెట్టింది. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం నా పళ్ళెంలో ఎప్పటికంటే ఎక్కువే వేసింది.

ఆషాఢ శుద్ధ పంచమి

జరిగింది జరిగినట్టే రాస్తాను.

పొద్దున్నే అత్త గారెలు వేసింది. మామకి ఇష్టమని చేపల పులుసులో మామిడికాయ వేసి వండింది. అన్నీ విస్తట్లో వడ్డించి, పక్కన ఆయన తాగే చుట్ట పెట్టి, పెంచలయ్య చేత గోడ మీద పెట్టించింది. ముగ్గురం ఎడంగా జరిగి నిలబడ్డాం. కాకి అక్కడే ఉంది, విస్తరికి జానెడు దూరంలో. ముట్టలేదు.

“రావయ్యా, ఏడాదైపోయింది, తిను,” అంది అత్త.

కాకి చూస్తోంది.

“బతికుండగా కూడా పెట్టగానే తిన్నావా నువ్వు. ఉప్పు తక్కువనో, కారం ఎక్కువనో ఏదో ఒక వంక. ఇప్పుడూ అంతేనా?”

కాకి చూస్తూనే ఉంది. పోయినవాళ్ళ మనసులో ఏదైనా కోరిక మిగిలిపోతే కాకి ముట్టదంటారు. అది ఏమిటో కనిపెట్టి, తీరుస్తామని మాటిస్తే అప్పుడు ముడుతుందట. అత్త కొడుకు వైపు చూసింది. పెంచలయ్య గొంతు సర్దుకున్నాడు.

“నాయనా, చెల్లెలింటికి పోవడం మానేశానని గదా నీ కోపం. రేపే పోతా. పోయి మాట్లాడతా.”

కాకి కదల్లేదు. ఇద్దరూ నన్ను చూశారు.

“మామా, అత్తతో పోట్లాడను,” అన్నాను. ఇది అబద్ధమని మరకి కూడా తెలిసే ఉంటుంది.

అప్పుడు అత్త మొహం మారింది. ఆవిడకి ఏదో వెలిగినట్టు నాకు కనబడింది. అడ్డం పడదామని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది.

“తెలిసింది. చెట్టు కోసం గదా నీ బెంగ? నీ నేరేడు చెట్టుకి ఒక్క పూట నీళ్ళు ఎగ్గొట్టలా. నా స్నానం మానుకోని పోస్తన్నా. గోనెపట్టా చినిగితే కుట్టినా. ఈ ఏడు కాపు చూళ్ళేదే నువ్వు, కొమ్మలొంగిపొయ్యాయి. పిగిలిపిట్ట గూడు పెట్టింది పడమటి కొమ్మలో, పిల్లలు గూడా లేపింది. ఎవుడొచ్చినా కొట్టనియ్యను, ముందు నన్ను కొట్టి అప్పుడు దాన్ని కొట్టాల. ఇంకేం జెయ్యమంటావు నన్ను? వచ్చి తినయ్యా.”

అన్నీ చెప్పేసింది. ఎవరో కూర్చుని బోర్డుకి అర్జీ రాసినా ఇంత వివరంగా రాయలేరు. మనసులో అప్పుడే మూట కట్టేస్తున్నాను, ఏ గిన్నెలు తీసుకోవాలి, ఏవి వదిలెయ్యాలి అని.

అత్త చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు. కాకి మమ్మల్నందరినీ వదిలేసి ఆవిడనే చూస్తోంది. చాలా సేపు చూసింది. తర్వాత ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకో అడుగు. విస్తరి అంచు దాకా వచ్చి, వంగి, అన్నంలో ముక్కు పెట్టింది.

ముట్టడం కాదు, తిన్నది. ముక్కు నిండా పులుసన్నం తీసుకుని తల పైకెత్తి మింగబోయింది. దిగలేదు. మళ్ళీ వంగి ఇంకో ముద్ద తీసుకుంది. మెడలో ఎక్కడో తుప్పు పట్టిన తలుపు కిర్రుమన్నట్టు చప్పుడు వచ్చింది. రెక్క ఒకటి తెరుచుకుని మూసుకోలేదు. అలాగే ఒరిగి మా పెరట్లో పడింది.

అత్త వెళ్ళి దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ముక్కు సందుల్లో మెతుకులు, లోపల సన్నటి తీగలు. ఆవిడ చూసింది. తీగల్ని కూడా చూసింది.

“నువ్వన్నట్టు ఇది మరే,” అంది నాతో. “మర అయితే ఏంది. ముట్టింది గదా.”

పసుపు, కుంకుమ పెట్టి నేరేడు చెట్టు మొదట్లో గొయ్యి తీయించి దాన్ని పూడ్పించింది. మధ్యాహ్నం మొదటి ముద్ద పక్కన పెట్టకుండా అన్నం తిన్నది.

ఆషాఢ శుద్ధ షష్ఠి

బుద్ధి గడ్డి తింది మాకు. కాకి ఎక్కడ పడిందో బోర్డుకి తెలియకుండా ఉంటుందా? దాన్ని తీసుకుపోయి వాగులో పారేయాల్సింది పోయి సరిగ్గా చెట్టు మొదట్లో పూడ్చాం. దొంగతనం చేసి, దొంగ సొత్తు పక్కన దీపం పెట్టినట్టుంది. తవ్వి తీసేద్దామంటే అత్త ఒప్పుకోదు. చిన్నదినం కూడా కాకుండా తవ్వుతారా అంటోంది. కాకికి చిన్నదినమేమిటో నాకు అర్థం కాలేదు.

పలకలు తుడుస్తున్నా వీధి మొన వైపే చూస్తున్నాను. సైకిలు బెల్లు వినబడితే గుడ్డ జారిపోతోంది.

ఆషాఢ శుద్ధ అష్టమి

వచ్చాడు. ఒక్కడే. నలభై ఏళ్ళుంటాయి, బోర్డు చొక్కా, చేతిలో చిన్న పెట్టె. పేరు తిరుపాలు అన్నాడు.

“మా కాకి ఒకటి పడిపోయిందమ్మా ఇక్కడ.”

“కాకులెక్కడున్నాయయ్యా ఈ రోజుల్లో,” అన్నాను.

“పెట్టె చూపిస్తందమ్మా.” పెట్టె కీచుకీచుమంటోంది. చెప్పులు విప్పి, ఇంట్లోంచి నేరుగా పెరటి తలుపు దాకా నడిచాడు. పెంచలయ్య చొక్కా విప్పబోతున్నాడు. అత్త మాత్రం పోయి తలుపుకి అడ్డం నిలబడింది, చేతులు రెండూ చాపి.

“ముందు నన్ను కొట్టు.”

“ఆ మాట ఆ రోజే అన్నారమ్మా. విన్నా,” అన్నాడు తిరుపాలు.

అత్త చేతులు దిగిపోయాయి. అతను పక్కనుంచి వెళ్ళి చెట్టు కింద గొంతుక్కూర్చుని చేతులతోనే మట్టి తీశాడు. కాకి పసుపు, కుంకుమలతో బయటికి వచ్చింది. దాని ముక్కులో ఎండిన మెతుకుల్ని వేలితో తడిమాడు.

“దీని వెనక కూర్చుంది నేనే,” అన్నాడు. “తిండి జోలికి పోకూడదని మాకు మొదటి రోజే చెప్తారు. లోపలికి పోతే పాడైపోద్దని.”

“మరెందుకు ముట్టించావు నాయనా?” అంది అత్త.

అతను కాకి రెక్క మడిచే ప్రయత్నం చేస్తున్నాడు.

“ఈ మధ్యనే మా నాయన పోయాడు. పెద్దకర్మ నాడు వాగు గట్టున పెట్టి నిలబడినాం. కాకి వచ్చింది. మా అమ్మ దణ్ణాల మీద దణ్ణాలు పెడతంది. నాకు చూడంగానే తెలిసిపోయింది, అది మా ఆఫీసు కాకేనని. దాని వెనక ఉండేది నా పక్క సీటోడు, చిన్నబ్బాయి. వాడికి నేను కనపడతానే ఉండా. మా అమ్మా కనపడతంది. వాడు ముక్కు దించలా. మర్నాడు టీ తాగతా, ఏం జేసేదన్నా, రూలు గదా అన్నాడు. వాడి తప్పు లేదు. వాడి సీట్లో నేనున్నా అదే చేసేవాణ్ణి అనుకున్నా. పంచమి నాడు మీరు ఏడస్తంటే ఆ సీట్లో నేనే ఉండా.”

పైన పిగిలిపిట్ట పిల్లలు గోల మొదలుపెట్టాయి, తల్లి వచ్చినట్టుంది. తిరుపాలు తలెత్తి చూశాడు. అతను ఆఫీసు కళ్ళతో కాక మామూలు కళ్ళతో చూడడం నాకు కనబడింది. అయినా ఆగలేకపోయాను.

“చెట్టు సంగతి ఏం జేస్తావు?”

“చూసింది ఎక్కడా దాచిపెట్టరమ్మా, అన్ని కాకులు చూసేది ఎక్కడ పెడతారు. చూసినోడు ఎనిమిది రోజులకోసారి పెద్దసారు ముందర నిలబడి నోటితో చెప్పాల. నా వంతు ఇయ్యాల సాయంత్రం.”

అంతే అన్నాడు. చెప్తాననలేదు, చెప్పననలేదు. అత్త లేచి పోయి గంపలోంచి నేరేడు పళ్ళు ఆకులో పోసుకుని వచ్చి అతని ముందు పెట్టింది.

“తిను.”

“వొద్దమ్మా. నాలుక...”

“తెలుసు. తిను నాయనా.”

ఆ పళ్ళ వైపు చాలాసేపు చూశాడు. ఒకటి తీసుకున్నాడు. తర్వాత ఇంకొకటి. తర్వాత లెక్క లేకుండా తిన్నాడు, ఎన్నాళ్ళ నుంచో తినని మనిషి తిన్నట్టు. గింజలు కింద ఉమ్మకుండా అరచేతిలో పెట్టుకుని జేబులో వేసుకున్నాడు. ఆకు ఖాళీ అయ్యాక నోరు తెరిచి నాకు చూపించాడు. నాలుక, పళ్ళు, పెదవులు అన్నీ ఊదా.

“ఇంక ఈ సాయంత్రం నేను నోరు తెరవలేనమ్మా,” అన్నాడు. “తలూపడమే.”

పోతూంటే అత్త అడిగింది, “మీ నాయన మాసికం ఎప్పుడు?”

“ఎల్లుండే. దశమి.”

“మీ అమ్మని తీసుకోని ఇక్కడికి రా. కాకే గావాలని ఏముంది, పక్షి ముడితే చాలు. మాకు గోరింకలుండాయి.”

ఆషాఢ శుద్ధ దశమి

పొద్దున పిగిలిపిట్ట పిల్లలు ఎగిరాయి. ఒకటి గూటి అంచున నిలబడి ధైర్యం చాలక మళ్ళీ కూర్చుంది. తల్లి పురుగు చూపించి ఊరించి ఊరించి దించింది. గోడ దాటి బయటికి పోయేదాకా చూస్తూ నిలబడ్డాను.

తిరుపాలు వాళ్ళమ్మను తీసుకుని వచ్చాడు. మొన్న సాయంత్రం పెద్దసారు ఏమీ లేదా అంటే తలూపి బయటపడ్డాడట. ఆవిడ పల్చటి మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అన్నం, పప్పు, అప్పడం విస్తట్లో పెట్టి గోడ మీద ఉంచారు. అందరం వెనక్కి జరిగాం.

అప్పుడు వచ్చి వాలింది కాకి. కొత్తది. మూడుసార్లు అరిచింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పట్టాలూ దుప్పట్లూ తీసేసి ఉన్నాయి, పిల్లలు ఎగరడానికని నేనే విప్పాను. చెట్టు మొత్తం బట్టబయలుగా ఉంది. దాని కింద బోర్డు చొక్కా తొడుక్కుని తిరుపాలు. మాతో పాటు అతను కూడా దొరికిపోయాడు.

“దీని వెనక ఉండేది ఎవరు?” అన్నాను తిరుపాలు చెవిలో.

తిరుపాలు కాకి తల తిప్పే తీరు చూశాడు. “వాడే. చిన్నబ్బాయి.”

తిరుపాలు వాళ్ళమ్మకి ఇవేవీ తెలియవు. కాకిని చూడగానే రెండు చేతులూ జోడించి నిలబడింది. “ఈసారన్నా తినయ్యా” అంటోంది. కాకి ఆవిణ్ణి చూసింది. విస్తరిని చూసింది. చెట్టును కింది నుంచి పైదాకా చూసింది. ముక్కు దించలేదు.

నేను బూజుకర్ర ఎక్కడుందా అని చూస్తున్నాను. అత్త నెమ్మదిగా గోడ దగ్గరికి పోయింది. కాకి మొహంలోకి మొహం పెట్టి, పక్కింటి పిల్లవాణ్ణి అడిగినట్టు అడిగింది.

“చిన్నబ్బాయా, అన్నం తిన్నావా నాయనా?”

కాకి కదల్లేదు. ఎంతసేపో కదల్లేదు. తర్వాత మెల్లిగా కాళ్ళు మార్చి, గోడ మీద అటు తిరిగి కూర్చుంది. తోక మా వైపు, ముక్కు వీధి వైపు.

ఆ వెనక గోరింకలు రెండు దిగి విస్తట్లో అప్పడం కోసం కొట్టుకున్నాయి. తిరుపాలు వాళ్ళమ్మ ఏడుస్తూ దణ్ణం పెట్టుకుంది. ఒక గోరింక తినడం అయ్యాక లేచి పోతూ, అటు తిరిగి కూర్చున్న కాకి వీపు మీద వేసి పోయింది, చిక్కగా, ఊదాగా. కాకి దులుపుకోలేదు. మేం అన్నాలు తిని, విస్తళ్ళు ఎత్తి, చెట్టు మీద పట్టాలు కప్పేదాకా అలాగే వీధి వైపు చూస్తూ కూర్చుంది.